గోలకొండ చివరి ప్రభువు తానీషా

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున సుమారు 400 అడుగుల ఎత్తున ఒక రాతికొండ కలదు. గొల్లలు మందలు మేపుకొనిన కొండ యగుటచే గొల్లకొండ యనియు, అదియే కాలక్రమమున గోలకొండ యైనదనియు పెద్దలు చెప్పుదురు. కాకతీయుల నాడు మట్టికోటగా వెలసిన ఈ దుర్గము 1364 ప్రాంతమున ముసునూరి కాపయ నాయకుని చేతినుండి బహమనీ సుల్తానుల వశమైనది. బహమనీ రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట కుతుబ్ షాహీలు దీనిని రాజధానిగా చేసికొనిరి. ఇబ్రహీం కుతుబ్ షా బలమైన రాతి ప్రాకారములు కట్టించెను. 1591లో మహమ్మద్ కులీ మూసీనది ఆవలి ఒడ్డున హైదరాబాదు నగరమును నిర్మించెను. రాజనివాసము నగరమునకు తరలినను, ఆపద మూడినపుడు ప్రభువులు చేరుకొనినది ఈ కొండకోటనే. దానికి కడపటి ప్రభువైనవాడు అబుల్ హసన్ కుతుబ్ షా. తెలుగువారి నోట ఆయన తానీషా.

అబుల్ హసన్ రాజవంశమునకు బంధువే గాని సింహాసనమునకు ఆశ కలవాడు కాదు. యౌవనమున ఆయన షా రాజూ అను సూఫీ గురువును ఆశ్రయించి, సుమారు 14 సంవత్సరములు ఆ మఠమున సామాన్య శిష్యునివలె గడపెనని ప్రతీతి. తానాషా యను ముద్దుపేరు గురువే పెట్టెనని చెప్పుదురు. నేడు ఉత్తరాది భాషలలో తానాషాహీ యనగా నిరంకుశత్వమని అర్థము. ఈ ప్రభువు నడవడికి ఆ అర్థమునకు పొత్తు కుదరకపోవుట విచిత్రము.

అబ్దుల్లా కుతుబ్ షాకు పుత్రసంతానము లేదు. ముగ్గురు కుమార్తెలలో రెండవ యామెను 1656 నాటి సంధి ననుసరించి ఔరంగజేబు కుమారునకు ఇచ్చిరి. మూడవ కుమార్తెకు నిశ్చయించిన వరుని విషయమున రాజగృహమున కలహము పుట్టగా, మఠమున నున్న అబుల్ హసన్ అల్లుడాయెను. 1672లో అబ్దుల్లా మరణింపగా, సయ్యద్ ముజఫర్ మొదలగు ప్రముఖుల తోడ్పాటుతో ఆయన సింహాసన మెక్కెను. ఫకీరు పక్కన కూర్చుండినవాడు పాదుషా యయ్యెను.

రాజ్యతంత్ర మెరుగని ప్రభువును తమ చెప్పుచేతలలో ఉంచుకొనవచ్చునని ఆ ప్రముఖులు తలచిరి. అది కొనసాగలేదు. కొలదికాలమునకే ఆయన ముజఫరును తొలగించి, ఆతని కొలువులోనే పనిచేయుచుండిన మాదన్నను ప్రధానిని చేసెను. మాదన్న సోదరుడు అక్కన్నకును ఉన్నతాధికారము లభించెను. ఆదాయ వ్యయముల లెక్కలు, పన్నుల వసూలు వారి చేతికి వచ్చినవి. తెలుగునేలపై పుట్టిన రాజ్యమును తెలుగు మంత్రులకు అప్పగించుట ఆయన చేసిన పనులలో మిక్కిలి సాహసమైనది. ఆయన పతనమునకు శత్రువులు చూపిన కారణములలో అదియే మొదటిది.

తెలుగువారికి తానీషా పేరు భద్రాచల రామదాసు కథతో పెనవేసికొనియున్నది. మాదన్నకు మేనల్లుడని చెప్పబడు కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీలుదారుగా నుండి, సర్కారు సొమ్ముతో భద్రాద్రిపై ఆలయము కట్టించి చెరసాల పాలయ్యెను. రామలక్ష్మణులు రాత్రివేళ వచ్చి బాకీ చెల్లించిరన్నది భక్తుల విశ్వాసము. అపరాధియైన ఉద్యోగిని చెరలో నుంచిన ప్రభువే ఆ దేవునికి భక్తుడై ముత్యాల తలంబ్రాలు పంపెనన్న కీర్తి మాత్రము వేరెవ్వరికిని దక్కలేదు. కూచిపూడి భాగవతుల ఆట చూచి మెచ్చి ఆ గ్రామమును వారికి అగ్రహారముగా నిచ్చెనని సంప్రదాయము.

ఢిల్లీ దృష్టి దక్కనుపై పడియున్న కాలమది. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినపుడు తానీషా ఆయనకు ఘనస్వాగత మిచ్చి, కర్ణాటక దండయాత్రకు ధనమును ఫిరంగులను సమకూర్చెను. మొగలులకు మహారాష్ట్రులే అడ్డుగోడ యన్నది మాదన్న నీతి. ఔరంగజేబు దీనిని క్షమింపలేదు. 1685లో రాకుమారుడు షా ఆలం సేనలు హైదరాబాదుపై విరుచుకుపడినవి. తానీషా రాత్రికి రాత్రి కోట చేరెను. దిగువ నగరము దోపిడికి గురియైనది. సంధి షరతులలో భారీ కప్పముతోపాటు మాదన్నను పదవినుండి తొలగించుటయు నొకటి. ప్రభువు జాగు చేసెను. 1686 మార్చిలో అంతఃపుర స్త్రీల ప్రోద్బలమున, కోటవీధులలోనే మాదన్న అక్కన్నలు హత్యకు గురియైరి. మాదన్న శిరస్సు మొగలు శిబిరమునకు పోయినది. ప్రభువు ఆ హత్యను ఆపలేకపోయెను. ఆయన జీవితమున ఇదియే మాయని మచ్చ.

ఆ బలితో రాజ్యము నిలువలేదు. 1686 సెప్టెంబరులో బిజాపూరు కూలినది. 1687 జనవరిలో ఔరంగజేబు స్వయముగా గోలకొండ ముందు విడిసెను. వంగదేశమున మొగలులకును ఆంగ్ల వర్తకులకును పోరు సాగుచున్న రోజులవి. జాబ్ చార్నాక్ సూతానూటిలో స్థిరపడి కలకత్తాకు అంకురార్పణ చేయుటకు ఇంకను మూడేండ్లున్నవి. కోటలోని 87 బురుజులనుండి ఫిరంగులు మ్రోగినవి. ముట్టడిలో కిలిచ్ ఖాన్ అను సేనాని గుండు తగిలి మరణించెను. ఆతని మనుమడే 1724లో హైదరాబాదున అసఫ్ జాహీ పాలనకు పునాది వేసిన మొదటి నిజాము. వర్షములు, కరువు, వ్యాధులు మొగలు శిబిరమును పీడించినవి. గోడల క్రింద పెట్టిన మందుపాతరలు ప్రేలి వారి సైనికులనే చంపినవి. ఒకనాటి రాత్రి శత్రువులు నిచ్చెనలు వేసి గోడ నెక్కుచుండగా ఒక కుక్క మొరిగి కావలివారిని లేపెనని ఖాఫీఖాన్ అను చరిత్రకారుడు వ్రాసినాడు.

ఎనిమిది నెలలు ఫిరంగులకు లొంగని కోట, లంచమునకు లొంగినది. 1687 సెప్టెంబరు 21 తెల్లవారుజామున అబ్దుల్లా ఖాన్ పనీ యను ఉద్యోగి చిన్నద్వారము తెరచి శత్రువులను లోనికి విడిచెను. అబ్దుర్రజాక్ లారీ యొక్కడు కొలదిమంది అనుచరులతో ఎదురునిలిచి, ఒడలెల్ల గాయములై పడిపోయెను. ఆయన పరాక్రమమును మెచ్చి ఔరంగజేబే వైద్యులను నియమించెను. తానీషా మాత్రము తొణకలేదు. అంతఃపురమువారిని ఓదార్చి, తన్ను బంధింప వచ్చినవారిని మర్యాదతో పలుకరించి, భోజనము ముగించి, వారివెంట నడచెను. మఠమున నేర్చిన పాఠము ఆనాడు అక్కరకు వచ్చినది.

ఆయనను దౌలతాబాదు దుర్గమున బంధించిరి. అదియు కొండకోటయే. సాలునకు ఏబదివేల రూపాయల భరణముతో సుమారు పండ్రెండేండ్లు గడపి, అచ్చటనే ఆయన కన్నుమూసెను. సమాధి సమీపమందలి ఖుల్దాబాదున కలదు. 1707లో మరణించిన ఔరంగజేబు సమాధియు ఆ యూరిలోనే యున్నది. గోలకొండ ప్రక్క నున్న కుతుబ్ షాహీ సమాధుల నడుమ ఈ ప్రభువునకు చోటు దక్కలేదు.

గోలకొండ బాలాహిస్సారు ద్వారము కడ చప్పట్లు కొట్టిన ధ్వని కొండకొమ్మున వినబడును. వెలుపలి శత్రువు జాడ తెలిసికొనుటకు అంతటి ఏర్పాటు చేసిన శిల్పులు, లోనివాని ద్రోహమునకు మందు చూపలేకపోయిరి. మంత్రులను కాపాడుకొనలేకపోయిన ప్రభువును చరిత్ర నిందింపవచ్చును. కాని జనుల తీర్పు వేరు. కోటలో నేటికిని అక్కన్న మాదన్నల కచేరీని, రామదాసు బందిఖానాను చూపుదురు. రాజ్యము పోయి మూడు శతాబ్దములు దాటినను, శ్రీరామనవమి నాడు ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు భద్రాద్రికి చేరుచునే యున్నవి.