జాన్ ఎవరెట్ క్లౌ

జాన్ ఎవరెట్ క్లౌ (1836 జూలై 16 - 1910 నవంబరు 24) ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. పల్లెల్లోని సహజ సముదాయాలను చెదరనీయకుండా వాటిలోనే చిన్నచిన్న క్రైస్తవ సంఘాలను పెంచిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు.

తొలి జీవితం

క్లౌ న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ సమీపంలో జన్మించాడు. యువకుడిగా మిన్నెసోటాలో భూముల సర్వే పని చేశాడు. 1865లో నెల్లూరు చేరి లైమన్ జూయెట్ వద్ద పనిలో చేరాడు. 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. అక్కడి సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది.

ఎఱ్ఱగుంట్ల పేరయ్య

ఒంగోలుకు సుమారు 40 మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడుకు చెందిన పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. రాజయోగ సాధన వల్ల తన వారిలో గురువుగా గౌరవం పొందాడు. 1866లో బాప్తిస్మం తీసుకొని బంధువులకు, శిష్యులకు బోధించాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరు వెళ్ళగా 28 మంది బాప్తిస్మం పొందారు. నేటి కనిగిరి, వెలిగండ్ల, మార్కాపురం ప్రాంతాలున్న పడమటి మెట్టసీమకు ఈ మతం ఇలా బంధుత్వాల దారిలోనే వ్యాపించింది.

కులసమస్య

ఒంగోలులో మొదట అగ్రవర్ణాల వారు క్లౌ పట్ల ఆసక్తి చూపారు. అయితే మాదిగలను చేర్చుకుంటే తాము రామని స్పష్టం చేశారు. క్లౌ మాదిగలను వదులుకోలేదు. అగ్రవర్ణాల వారు దూరమయ్యారు.

సంఘ నిర్మాణం

ఆదివారం పని మానాలి, విగ్రహారాధన విడవాలి, చచ్చిన పశువుల మాంసం తినరాదు అనేవి విశ్వాసులకు ముఖ్య నియమాలు. జాతరలలో డప్పు కొట్టడం మాదిగల ఊరి బాధ్యత కావడంతో, ఈ నియమాలు పాటించిన కుటుంబాలు రైతుల ఆగ్రహానికి గురయ్యాయి. అటువంటి వేళ ఒంటరి కుటుంబం నిలవడం కష్టం. గూడెమంతా కలిస్తేనే సాధ్యం. అందుకే క్లౌ గూడెం పెద్దలను, పంచాయితీ పద్ధతిని కొనసాగనిచ్చాడు. ఒక్కొక్క బోధకునికి కొన్ని గ్రామాలు అప్పగించాడు. బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడి తమ పల్లెల సంగతులు చెప్పుకునేవారు.

కరువు, సామూహిక బాప్తిస్మాలు

1876-78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకొని వేలాది మందికి పని కల్పించాడు. కూలీల జట్లపై బోధకులే మేస్త్రీలు. తిండి కోసం మతం మారారనే మాట రాకుండా కరువు సహాయం ముగిసేవరకు బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఇంతమందిని ఒక్కసారిగా చేర్చుకోవడాన్ని కొందరు మిషనరీలు విమర్శించారు. నిజానికి అసలు భారం తరువాతనే పడింది. ఆ వేలమందికి చదువు, బోధ అందించే పని ఎక్కువగా గూడెం బోధకులదే అయింది. కాలక్రమంలో కంభం, మార్కాపురం, కనిగిరి, పొదిలి ప్రత్యేక మిషన్ కేంద్రాలయ్యాయి.

చివరి దశ

క్లౌ 1910లో అమెరికాలోని రోచెస్టర్‌లో మరణించాడు. ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పేరయ్య తదితరుల జీవితకథలను సేకరించి 1899లో గ్రంథంగా వెలువరించింది. క్లౌ ఆత్మకథ ఆమె చేతిమీదుగా 1914లో వెలువడింది. మాదిగ పెద్దల పేర్లు చరిత్రలో నిలవడానికి ఈ గ్రంథాలు ఎంతో తోడ్పడ్డాయి.