కూలుంబ్ కొలిచిన గరుకు

నాగ్‌పాడాలో మా అమ్మమ్మ వాళ్ళ చాల్ వరండాలో సాయంత్రమైతే క్యారమ్ బోర్డు పడుతుంది. బోరిక్ పౌడర్ చల్లకపోతే స్ట్రైకర్ సగం దూరంలోనే ఆగిపోతుంది. కింద గల్లీలో పాత పేపర్ల కొట్టు ఉంది. అక్కడ న్యూస్‌పేపర్లు నడుమెత్తు పేర్చినా కదలవు. నున్నటి కాగితం పత్రికలు పది పేరిస్తే చాలు, జర్రున జారిపోతాయి. ఈ రెండింటి వెనకున్న లెక్క కట్టినాయన మనకి తెలిసినవాడే. ఇంటర్ ఫిజిక్సులో విద్యుదావేశం పాఠంలో వచ్చే కూలుంబ్!

ఆయన పూర్తి పేరు షార్ల్ ఆగస్టిన్ ద కూలుంబ్. 1736లో ఫ్రాన్స్‌లోని ఆంగులేమ్‌లో పుట్టాడు. మెజియేర్‌లో సైనిక ఇంజినీరింగ్ చదివి 1761లో బయటికొచ్చాడు. 1764లో ఆయన్ని మార్టినిక్ దీవికి పంపారు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చేత చెరుకు పండించుకునే దీవి అది. అక్కడ కొండ మీద బూర్బన్ కోట కట్టించే పని. దాదాపు ఎనిమిదేళ్ళు ఉండిపోయాడు. జ్వరాలతో మళ్ళీ మళ్ళీ మంచాన పడ్డాడు. 1772లో తిరిగొచ్చాడు గానీ ఆరోగ్యం మాత్రం మరి కుదుటపడలేదు.

ఆ రోజుల్లో ఫ్రెంచి నౌకాదళానికి పెద్ద తలనొప్పి రాపిడి. ఓడని ఒడ్డు మీంచి నీళ్ళలోకి జార్చాలన్నా, కప్పీల మీద మోకులు లాగాలన్నా ఎంత బలం కావాలో ఎవరికీ సరిగ్గా తెలీదు. పారిస్ సైన్స్ అకాడమీ దీని మీద బహుమతి ప్రకటించింది. 1779లో కూలుంబ్ రోష్‌ఫోర్ ఓడరేవుకి పని మీద వెళ్ళి, అక్కడే ప్రయోగాలు మొదలుపెట్టాడు. ప్రయోగం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: ఒక బల్ల, దాని మీద బరువులెత్తిన చెక్క, చెక్కకి కట్టిన తాడు, కప్పీ మీంచి వేలాడే తూకం. కాకపోతే ఓపిగ్గా ఒక్కొక్కటీ మార్చి చూశాడు. చెక్క రకం మార్చాడు, ఈనె నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టాడు, కొవ్వు పూశాడు, కదలకుండా కాసేపు ఉంచి లాగాడు. ఎక్కువసేపు కదలకుండా ఉన్న చెక్క ఇంకా మొండికేస్తుందని తేలింది.

రాపిడి బరువుని బట్టి పెరుగుతుంది గానీ ముఖం వైశాల్యాన్ని బట్టి కాదు. అంటే ఇటుకని పడుకోబెట్టి లాగినా, పక్కమీద నిలబెట్టి లాగినా ఒకటే. ఈ మాట 1699లోనే అమోంటన్ చెప్పాడు, కూలుంబ్ పెద్ద పెద్ద బరువులతో గట్టిగా నిరూపించాడు. 1781లో బహుమతీ వచ్చింది, అకాడమీలో సభ్యత్వమూ వచ్చింది.

ఎందుకలా అన్నదానికి ఆయన ఊహ, రెండు బ్రష్షుల కుచ్చులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నట్టు గరుకులు ఇరుక్కుంటాయని. అది సగమే నిజం. బాగా నునుపు చేసి శుభ్రంగా తుడిచిన రెండు లోహపు ముఖాలు జారకపోగా అతుక్కుంటాయి. 20వ శతాబ్దంలో కేంబ్రిడ్జ్‌లో బౌడెన్, టేబర్ తేల్చిందేమిటంటే, ఏ రెండు ముఖాలైనా నిజంగా తగిలేది సన్నటి మొనల దగ్గరే, అక్కడే అంటుకుంటాయి. అయినా కూలుంబ్ సూత్రం మాత్రం పనిచేస్తూనే ఉంది. నమ్మకపోతే రెండు నోట్‌బుక్కుల పేజీలు ఒకదాంట్లో ఒకటి వరసగా దూర్చి, చెరొక అట్టా పట్టుకుని లాగండి. (లైబ్రరీ పుస్తకాలతో వద్దు!) ఎంత లాగితే పేజీలు ఒకదాన్నొకటి అంత నొక్కుకుంటాయి, నొక్కుడు పెరిగితే రాపిడీ పెరుగుతుంది. 2016లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులే దీనికి పూర్తి లెక్క కట్టారు.

విద్యుదావేశాల సూత్రం 1785లో వచ్చింది, అది మన పాఠంలో ఉన్నదే. విప్లవకాలంలో, 1793లో అకాడమీని రద్దు చేస్తే బ్లువా దగ్గర పల్లెకి వెళ్ళిపోయాడు. 1806లో పారిస్‌లో పోయాడు.

నాకు నచ్చిన కూలుంబ్ పాఠంలో లేడు. ముసలితనం దగ్గరపడ్డాక ఆయన కూలీల అలసట మీద ఒక వ్యాసం రాశాడు. మనిషి రోజంతా మెట్లెక్కుతూ ఎంత బరువు మొయ్యగలడు, ఎంత మోస్తే ఒళ్ళు చెడకుండా ఎక్కువ పని అవుతుంది అని లెక్కలేశాడు. మార్టినిక్ ఎండలో సైనికులు ఫ్రాన్స్‌లో చేసే పనిలో సగం కూడా చెయ్యలేకపోయారని అందులో రాశాడు. పనివాళ్ళ పక్కన నిలబడి, తనూ జ్వరపడ్డవాడు కాబట్టి సోమరితనం అనలేదనుకుంటాను.

దాదాపు ఆ కాలంలోనే, 18వ శతాబ్దం చివర, నిజాం రాజ్యం నుంచి మనవాళ్ళు బొంబాయికి కూలికి వచ్చారు. మట్టి మోశారు, ఇళ్ళు కట్టారు. కామాఠీపురాకి ఆ పేరు వాళ్ళ వల్లే వచ్చింది. మా అమ్మమ్మ కూడా పెళ్ళైన కొత్తలో బిల్డింగ్ పనికి ఇసుక తట్టలు మోసిందట. మొదటిరోజు తలమీద చుట్టకి పాత సిల్కు చీర ముక్క తీస్కెళ్తే, రెండో అంతస్తు మెట్ల మీద తట్ట జారి కాలి మీద పడింది. మర్నాటి నించి ముతక నూలు గుడ్డే చుట్టింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.