డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు

గుంటూరులోని కుగ్లరు ఆసుపత్రి యెవరి పేర వెలసినదో మన విద్యార్థులలో పెక్కు రెరుగరు.

అన్నా సారా కుగ్లరు 1856వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. 1879లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలయందు పట్టము పొంది, 1883లో లూథరన్ మిషను పక్షమున గుంటూరు చేరెను. వైద్యురాలై వచ్చిన యీమెకు మిషనువారు మొదట బాలికా పాఠశాలల పని నప్పగించిరి! వైద్య మిషనరీగా నియామకము 1885లో గాని లభింపలేదు.

ఊరివారి వైముఖ్య మంతకంటె కఠినము. ఘోషా స్త్రీలు పురుష వైద్యునకు నాడి చూపరు. స్త్రీయైన యీమె స్పర్శయో, మైలగా నెంచబడెను. అన్యమతస్థులు నీటితో కలిపిన మందు త్రాగుటకు అగ్రవర్ణ గృహములు జంకెడివి. కావున మంత్రసాని చేతులెత్తి, ఆశ యుడిగిన పిమ్మటనే పలుచోట్ల దొరసానికి కబురు వచ్చెడిది. కాలము మించి పిలిచినచో రోగి దక్కుట దుర్లభము. దక్కనిచో నింద వైద్యురాలిది. ఆ నింద విని పొరుగువారు మరింత జాగుచేయుదురు. ఈ విషవలయమున నశించినవారు తల్లులును పసికందులును.

అయినను ప్రజల శంకను కేవల మజ్ఞానమని త్రోసివేయరాదు. మందుతో మతబోధయు వచ్చుచుండెను. ఏలుబడి చేయువారి వర్ణమే యామె వర్ణము. 1897లో పూనా నగరమున ప్లేగు నణచుటకై సైనికు లిండ్లు జొచ్చి సోదా చేయగా, జనులు రోగులను దాచిరి. తుదకు ప్లేగు అధికారి రాండు దొర తుపాకి గుండునకు బలియయ్యెను. బలాత్కారముచే ఆరోగ్యము కలుగదని అధికారు లాలస్యముగా నేర్చిరి.

కుగ్లరు దొరసానిగారి మార్గము వేరు. పిలిచిన యింటికి పోవుట, పొమ్మన్న నూరకుండుట, మరల పిలిచిన మరల పోవుట. 1893లో ఔషధశాలయు, 1898లో ఆసుపత్రియు తెరువబడెను. మన మామిడితోటలకు చేరువనున్న ఏలూరు రాజా మంత్రిప్రెగడ భుజంగరావుగారు, తమ రాణిగారి కచట జరిగిన చికిత్సకు కృతజ్ఞులై, రోగుల బంధువుల కొక సత్రమును కట్టించి యిచ్చిరి. ఆచారపరులు తమ వంట తాము వండుకొని, రోగిని విడువక యుండుటకు వీలు కలిగెను. వేయి ఉపన్యాసములకంటె ఆ సత్రపు పొయ్యి లెక్కువ పని చేసియుండునని నా తలంపు.

1905లో ప్రభుత్వమువారు కైజరీహింద్ పతకము నొసగిరి. 1930 జూలై 26న ఆమె గుంటూరులోనే కన్నుమూసెను. పిమ్మట ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది.