రాజు సమాధిలో పదిమంది: నరబలి ఆపిన సిల్లా రాజు జిజుంగ్

కొరియా ద్వీపకల్పం ఆగ్నేయాన ఉన్న సిల్లా రాజ్యానికి క్రీ.శ. 500లో జిజుంగ్ రాజయ్యాడు. అప్పటికే ఆయనకు 64 ఏళ్లు. అంతకుముందు రాజు సోజీకి కొడుకుల్లేకపోవడంతో సింహాసనం ఆయనకు దక్కింది. ఇవాళ్టి కొరియన్లకు ఆయన 512లో ఉసాన్ దీవిని సిల్లాకు లొంగదీసిన రాజుగా తెలుసు. కానీ కుల సమాజంలో బతుకుతున్న మనం చూడాల్సింది 502 నాటి ఆయన ఆజ్ఞను.

పెద్దలు చనిపోతే సేవకుల్ని చంపి వాళ్లతో పాతిపెట్టే ఆచారం అక్కడ ఉండేది. దాన్ని సున్‌జాంగ్ అంటారు. పరలోకంలోనూ దొరలకు ఊడిగం చేసేవాళ్లు కావాలన్నది నమ్మకం. 1145లో పూర్తయిన చరిత్ర గ్రంథం సంగుక్ సాగి ప్రకారం, సిల్లా రాజు చనిపోతే ఐదుగురు మగవాళ్లను, ఐదుగురు ఆడవాళ్లను చంపేవారు. జిజుంగ్ దీన్ని నిషేధించాడు.

ఇది కట్టుకథ కాదని సమాధులే చెబుతున్నాయి. రాజధాని గ్యోంగ్జులో 1973-75లో తవ్విన హ్వాంగ్నాం మహా సమాధి పొడవు 120 మీటర్లు. అందులో రాజు శవపేటిక బయట ఒక టీనేజీ అమ్మాయి అవశేషాలు దొరికాయి. పొరుగున ఉన్న గయా రాజ్యాల్లోనూ ఇదే తీరు. గోర్యోంగ్‌లోని జిసాన్‌డాంగ్ 44వ సమాధిలో ప్రధాన గదుల చుట్టూ బలి అయినవాళ్ల కోసం 32 చిన్న రాతి గోతులున్నాయి. చాంగ్‌న్యోంగ్‌లోని సోంగ్‌హ్యోన్‌డాంగ్ సమాధిలో దొరికిన అమ్మాయికి పదహారేళ్లు. చెవికి బంగారు పోగు ఉంది. మోకాళ్ల మీద కూర్చుని పనిచేసీ చేసీ కాలి ఎముకలకు గుర్తులు పడ్డాయి.

జిజుంగ్‌ది జాలి ఒక్కటేనా? నరబలిని ఆపిన ఏడాదే సాగును పెంచమని అధికారుల్ని ఆదేశించాడు. ఎడ్లతో దున్నడం అప్పుడే మొదలైందని సంగుక్ సాగి చెబుతుంది. పొలానికి చేతులు కావాలి. చంపి పాతిపెట్టడం కంటే బతికించి పని చేయించుకోవడమే రాజ్యానికి లాభం.

పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టడం మాత్రం ఆగలేదు. ఆయన కొడుకు బోఫుంగ్ 520లో చట్టాలు ప్రకటించి, అధికారుల హోదాను బట్టి దుస్తుల రంగులు ఖరారు చేశాడు. సిల్లాలో పుట్టుకతో వచ్చే ఈ అంతస్తుల్ని గోల్‌పుమ్ అంటారు. 834లో హుంగ్‌డోక్ రాజు ఆజ్ఞ ప్రకారం, పై వర్గమైన జింగోల్ వాళ్ల ఇంటి గది 24 అడుగులు దాటకూడదు. సామాన్యులకైతే 15 అడుగులే. సమాధిలోని అంతరం అలా ఇంటి గోడల్లోకి వచ్చింది. ప్రాణం తీసే ఆచారాన్ని ఒక ఆజ్ఞ ఆపగలిగింది. ఆ ఆచారానికి మూలమైన అంతస్తుల్ని అది తాకనేలేదు.

514లో జిజుంగ్ చనిపోయాడు. అసలు పేరు జిదేరో. జిజుంగ్ అన్నది చనిపోయాక ఇచ్చిన గౌరవ నామం. సిల్లాలో ఆ పద్ధతి ఆయనతోనే మొదలైంది. బలైపోయిన వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. ఆ పదహారేళ్ల అమ్మాయిని మాత్రం పరిశోధకులు ఆమె దొరికిన చోటు పేరు మీద సోంగ్‌హ్యోని అని పిలుస్తున్నారు.