పురాణాల నుంచి బైబిల్ దాకా: పండిత రమాబాయి చదివిన చదువులు

1874 నాటి కరవు మద్రాసు రాజధానిని పీడిస్తున్న రోజుల్లో ఒక బ్రాహ్మణ కుటుంబం తిరుపతి పరిసరాల అడవుల్లో ఆకులూ నీళ్లతో కాలం వెళ్లదీస్తోంది. తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే మహా పండితుడు. తల్లి లక్ష్మీబాయికి సంస్కృతం కరతలామలకం. కొడుకూ కూతుళ్లూ పురాణాలను కంఠస్థంగా అప్పజెప్పగలరు. అంత చదువున్నా ఆ ఇంట్లో ఒక్కరికి కూడా పూటకు పిడికెడు బియ్యం సంపాదించే విద్య తెలియదు. కూలి పనికి వెళ్లడం కులానికి తలవంపు అనుకున్నారు. లౌకిక విద్య పిల్లల మనసు చెడగొడుతుందని తండ్రి నమ్మారు. కొద్ది నెలల తేడాలో తండ్రీ తల్లీ కన్నుమూశారు. ఆ తర్వాత అక్క కూడా చనిపోయింది. మిగిలిన అన్నాచెల్లెళ్లలో చెల్లెలే తరువాతి కాలంలో దేశమంతా పండిత రమాబాయిగా పేరు మోశారు. గ్రంథం గొప్పదా, బతుకుతెరువు నేర్పే చదువు గొప్పదా అన్న ప్రశ్న ఆమెకు సభల్లో తర్కించే విషయంగా కాక ఆకలిగా ఎదురైంది. జీవితం చివరి దాకా అది ఆమెను విడిచిపెట్టలేదు.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవి ప్రాంతంలో పుట్టారు. ఆమె తండ్రి యౌవనంలో పీష్వా కుటుంబానికి సంస్కృతం బోధించే గురువు దగ్గర చదువుకున్నారు. అక్కడ రాణివాసపు స్త్రీ సంస్కృతం నేర్చుకోవడం చూసి తన భార్యకూ నేర్పాలని సంకల్పించారు. బంధువులు అడ్డుపడ్డారు. పండితులు ఉడుపిలో సభ పెట్టి సంజాయిషీ అడిగారు. స్త్రీలకు సంస్కృతం నేర్పడం శాస్త్ర విరుద్ధం కాదని ఆయన ఆ సభలోనే నిరూపించి నెగ్గారు. అయితే ఆయన ఉదారతకూ ఒక హద్దు ఉంది. ఆడపిల్లకు పురాణాలూ కావ్యాలూ వ్యాకరణమూ తగినవే గాని వేదం మాత్రం తగదు. ఇంగ్లీషు చదువు ఎవరికీ తగదు. కుటుంబం ఊరూరా తిరుగుతూ గుళ్లలో పురాణం చదివి, శ్రోతలు ఇచ్చిన దానితో బతికేది. ఆ బతుకు కరవుకు తట్టుకోలేకపోయింది.

అన్న శ్రీనివాస్‌తో కలిసి వేల మైళ్లు నడిచిన రమాబాయి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమెను పరీక్షించి ఆశ్చర్యపోయి పండిత, సరస్వతి అనే బిరుదులు ఇచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ వేదం చదివారా అని అడిగారు. స్త్రీలకు అధికారం లేదని ఆమె చెబితే ఒక వేద గ్రంథాన్ని చేతికిచ్చి చదవమన్నారు. తండ్రి విధించిన గీత అలా చెరిగింది. ఇంచుమించు అదే కాలంలో కలకత్తాలోని క్రైస్తవులు ఆమెకు సంస్కృత బైబిల్ ప్రతిని ఇచ్చారు. ఆమెకు అది అప్పట్లో అంతగా అర్థం కాలేదు. భాష సంస్కృతమే అయినా కవిత్వం చదివి పెరిగిన ఆమె చెవికి ఆ శైలి కొత్తగా తోచింది.

1880లో అన్న ఢాకాలో చనిపోయారు. అదే ఏడాది ఆమె కులం కట్టుబాటు దాటి బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని పౌర వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నారు. అస్సాంలోని సిల్చర్‌లో కాపురం. భర్త పుస్తకాల్లో లూకా సువార్త బెంగాలీ ప్రతి ఆమె కంటపడింది. ఆ పుస్తకంపై ఆమె చూపిన ఆసక్తి భర్తకు రుచించలేదు. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరా సోకి భర్త మరణించారు. పెళ్లయి రెండేళ్లు కూడా నిండలేదు.

పుణె చేరిన రమాబాయి ఆ ఏడాదే ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించి, స్త్రీ ధర్మ నీతి అనే మరాఠీ గ్రంథం రాశారు. విద్యపై విచారణకు వచ్చిన హంటర్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. బడులకు పంతులమ్మలు కావాలని, ఇన్‌స్పెక్టర్లుగా స్త్రీలను నియమించాలని, పురుషుల చేత చికిత్స చేయించుకోలేని స్త్రీల కోసం మహిళా డాక్టర్లను తయారు చేయాలని కోరారు. ఇక్కడ కనిపించే రమాబాయికి ఏ మతగ్రంథంతోనూ పని లేదు. ఆమె అడిగినదంతా జీతమిచ్చే, రోగం నయం చేసే, లెక్క తెలిసే చదువు. తానూ డాక్టర్ కావాలనే ఆశతోనే 1883లో ఇంగ్లండ్ వెళ్లారు. వినికిడి మందగించడంతో ఆ ఆశ నెరవేరలేదు.

ఇంగ్లండ్‌లో ఆమె వాంటేజ్ పట్టణంలోని సెయింట్ మేరీ కన్యాశ్రమంలో ఉండి, 1883 సెప్టెంబర్ 29న కూతురితో కలిసి బాప్టిజం తీసుకున్నారు. మహారాష్ట్రలో పెద్ద దుమారం రేగింది. ఆశ్రమ పెద్దలు ఆశించిన విధేయురాలు మాత్రం వారికి దొరకలేదు. బైబిల్‌ను కూడా ఆమె పురాణాన్ని చదివిన పండితురాలి కళ్లతోనే చదివారు. త్రిత్వ సిద్ధాంతం గ్రంథంలో ఎక్కడుందని అడిగారు. అర్చకులు చెప్పారు కాబట్టి నమ్మడానికి నిరాకరించారు. పురోహితుడి మాటకు తలవంచే అలవాటు మానుకునేందుకే ఒక మతం వదిలిన తాను, మరో మతంలో అదే పని చేయలేనన్నది ఆమె వాదన సారాంశం. శిలువపై లాటిన్ అక్షరాలు ఎందుకని, ఆ చోట సంస్కృతం ఉండాలని పట్టుపట్టారు. తనకు ఆశ్రయమిచ్చిన సిస్టర్ జెరాల్డిన్‌తో ఈ విషయాలపై ఆమె జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఆ కాలపు మత చర్చల్లోనే అరుదైనవి. చెల్టెన్‌హామ్ బాలికల కళాశాలలో ప్రిన్సిపాల్ డొరోథియా బీల్ అండతో గణితం, ఇంగ్లీషు, విజ్ఞాన శాస్త్రాలు చదువుతూ సంస్కృతం బోధించారు. మగ విద్యార్థులకు స్త్రీ పాఠం చెప్పడం తగదని బిషప్పులు అభ్యంతరం తెలిపితే ఆమె మండిపడ్డారు. ఉడుపిలో తండ్రిని నిలదీసిన పండితులకూ ఈ బిషప్పులకూ తేడా ఏమిటన్నది సహజంగా తలెత్తే ప్రశ్న.

బంధువైన ఆనందీబాయి జోషి వైద్య పట్టా అందుకునే సభకు 1886లో అమెరికా వెళ్లి, అక్కడే రెండేళ్లకు పైగా ఉండిపోయారు. కిండర్‌గార్టెన్ బోధన నేర్చుకుని, మరాఠీ బడి పుస్తకాలకు రూపకల్పన చేశారు. అగ్రకుల హిందూ స్త్రీ దుస్థితిపై 1887లో ఇంగ్లీషులో రాసిన గ్రంథం అమెరికాలో సంచలనమైంది. బోస్టన్‌లో ఏర్పడిన రమాబాయి అసోసియేషన్ పదేళ్ల పాటు డబ్బు పంపడానికి ఒప్పుకుంది. ఆ డబ్బుతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదన్నది ఒప్పందం.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరుచుకుంది. తొలి వితంతు విద్యార్థిని గోదూబాయి. ఈమే తర్వాత ధోండో కేశవ్ కర్వేను పునర్వివాహం చేసుకుని ఆనందీబాయి కర్వేగా ప్రసిద్ధురాలయ్యారు. మరుసటి ఏడు బడి పుణెకు మారింది. మహాదేవ్ గోవింద్ రానడే, రామకృష్ణ గోపాల్ భండార్కర్ వంటి సంస్కర్తలు సలహా సంఘంలో ఉన్నారు. తరగతిలో బైబిల్ లేదు. రమాబాయి తన గదిలో తెల్లవారుజామున తలుపు తెరిచి ఉంచి ప్రార్థన చేసుకునేవారు. తల్లిలా చూసుకునే పంతులమ్మ గదిలోకి పిల్లలు వచ్చి కూర్చునేవారు. వారిని వెళ్లగొట్టనని ఆమె అన్నారు. అది బోధన కాదా అన్నది ప్రత్యర్థుల ప్రశ్న. బాలగంగాధర తిలక్ కేసరి పత్రిక తీవ్రంగా దాడి చేసింది. 1893లో సలహా సంఘం రాజీనామా చేసింది. పలువురు తల్లిదండ్రులు పిల్లలను ఇళ్లకు తీసుకుపోయారు.

న్యాయంగా చూస్తే రెండు పక్షాలకూ తమ తమ కారణాలున్నాయి. మాట తప్పలేదని రమాబాయి అనడం అక్షరాలా నిజమే. అయితే ఆశ్రయం తప్ప మరో దిక్కులేని పన్నెండేళ్ల వితంతువు ముందు తెరిచి ఉంచిన తలుపు పూర్తిగా తటస్థమైనదని చెప్పడం కష్టం. మరోవైపు, ఆ పిల్లలకు గుండు గీసి చీకటి గదిలో కూర్చోబెట్టిన సమాజం వారి మనస్సాక్షి కోసం కన్నీరు కార్చడంలోనూ కపటం లేకపోలేదు. బడి మూతపడలేదు.

పుణెకు దగ్గరలోని కేడ్‌గావ్‌లో కొన్న భూమిపై తర్వాత ముక్తి సదన్ వెలిసింది. 1896-97 కరవులో రమాబాయి మధ్య పరగణాలకు స్వయంగా వెళ్లి వందల మంది స్త్రీలనూ పిల్లలనూ తీసుకొచ్చారు. తిరుపతి అడవుల్లో తాను అనుభవించిన ఆకలే తనను కదిలించిందని ఆమె రాసుకున్నారు. 1900 నాటి కరవుకు ఆశ్రమవాసులు వెయ్యి దాటారు. ఇక్కడ మత బోధనపై ఆంక్ష లేదు, ప్రార్థనలు బాహాటంగానే జరిగేవి. అయినా ఆ ఆవరణలో నేత మగ్గాలు ఆడాయి, నూనె గానుగ తిరిగింది, పశువుల కొట్టం, పొలం, బావులు, అచ్చుయంత్రం అన్నీ ఆడవారే నడిపారు. అంధులకు మనోరమ బ్రెయిలీ నేర్పారు. బైబిల్ చదివే పిల్ల చేతికి ఒక పని కూడా రావాలన్నది అక్కడి నియమం. తన తండ్రి ఇంట్లో లేనిది సరిగ్గా అదే.

1904-05 ప్రాంతంలో ఆమె తన చివరి పెద్ద పనికి పూనుకున్నారు. అప్పటి మరాఠీ బైబిల్ భాష సంస్కృత భూయిష్ఠమై, ఆశ్రమంలో కొత్తగా అక్షరాలు నేర్చిన పల్లె స్త్రీకి కొరుకుడు పడేది కాదు. పైగా హిందూ తత్వశాస్త్ర పదాలు మూలార్థాన్ని మసకబారుస్తున్నాయని ఆమె భావించారు. నలభై అయిదేళ్లు దాటిన వయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మూలాల నుంచి నేరుగా అనువాదం మొదలుపెట్టారు. సంస్కృతమే ఆస్తిగా ఎదిగిన పండిత, తన భాషలోంచి సంస్కృతాన్ని ఏరి తీసేసే పనికి పూనుకున్నారు. ఆశ్రమ స్త్రీలే ఆ అక్షరాలు కూర్చి అచ్చు వేశారు. కొన్నేళ్ల కిందట అక్షరం ముక్క రాని చేతులవి.

ఈ పనిని వృథాగా చూసినవారు లేకపోలేదు. స్త్రీ విద్య కోసం, చట్టాల కోసం పోరాడగల మేధ ఒక గ్రంథానికి అంకితమైపోయిందని సంస్కర్తలు బాధపడ్డారు. 1889 బొంబాయి కాంగ్రెస్ సభలో ప్రతినిధిగా కూర్చున్న తొలి స్త్రీలలో ఒకరైన ఆమె, ఆ తరువాత ప్రజా జీవితంలో దాదాపు కనిపించకుండా పోయారు. 1919లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1921లో ఆశ్రమ వారసురాలిగా పెంచుకున్న మనోరమ మరణించారు. కూతురి మరణం తర్వాత కూడా రమాబాయి అచ్చు ప్రతులు దిద్దుతూనే ఉన్నారు. అనువాదం ముగిసిన కొద్ది రోజులకే, 1922 ఏప్రిల్ 5న ఆమె కన్నుమూశారు.

పూర్తి మరాఠీ బైబిల్ 1924లో ముక్తి ముద్రణాలయం నుంచి వెలువడింది. మూలానికి మరీ విధేయంగా ఉందన్న కారణంతో చర్చిల్లో అది పెద్దగా వాడుకలోకి రాలేదు. పాత ప్రతులే కొనసాగాయి. భారత తపాలా శాఖ 1989లో రమాబాయి పేరిట బిళ్ల విడుదల చేసింది. కేడ్‌గావ్‌లో ముక్తి ఆశ్రమం ఇప్పటికీ నడుస్తోంది.