గురువు కోసం సముద్రం దాటిన బెస్సీ కోల్మన్

విమానం నడపడం నేర్చుకోదలచిన వారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, ఏ బడిలో చేరాలి, ఎవరి వద్ద నేర్చుకోవాలి అన్నదే. తక్కిన విద్యల్లో గురువు చెప్పని పాఠాన్ని తరువాత దిద్దుకోవచ్చు. ఈ విద్యలో ఆ లోపానికి ప్రాణమే మూల్యం కావచ్చు. కనుకనే బడిని, శిక్షకుడిని, యంత్రాన్ని చక్కగా పరిశీలించి ఎంచుకోమని పెద్దలు చెబుతారు. కాని నూరేళ్ల క్రితం అమెరికాలో పత్తి చేలల్లో పెరిగిన ఒక యువతికి ఎంచుకోవడానికి స్వదేశంలో ఒక్క బడి కూడా లేకపోయింది. ఆమె పరాయి భాష నేర్చుకుని, సముద్రం దాటి, తనకు విద్య చెప్పే గురువును వెతుక్కున్నారు. ఆమే బెస్సీ కోల్మన్.

బెస్సీ 1892 జనవరి 26న టెక్సాస్ రాష్ట్రంలోని అట్లాంటా అనే చిన్న ఊరిలో జన్మించారు. తల్లి సూసన్, తండ్రి జార్జి. పదమూడు మంది సంతానంలో ఆమె పదవ బిడ్డ. తండ్రి పూర్వులలో అమెరికా ఆదివాసులైన చెరోకీలు ఉన్నారు. ఆమెకు రెండేళ్ల వయసులో కుటుంబం వాక్సహాచీ అనే పట్టణానికి తరలివెళ్లింది. 1901లో తండ్రి ఒక్లహామా ప్రాంతానికి వెళ్లిపోగా, పిల్లల పోషణ భారమంతా తల్లిపై పడింది.

నల్లజాతి పిల్లలకు కేటాయించిన ఒకే గది బడికి ఆమె నాలుగు మైళ్లు నడిచి వెళ్లేవారు. పత్తి తీతల కాలం రాగానే ఆ బడి మూతపడేది. పిల్లలందరూ సంచులు భుజాన వేసుకుని చేలలోకి దిగవలసిందే. లెక్కలలో చురుకైన బెస్సీ, కుటుంబం తీసిన పత్తి తూకంలో మోసం జరగకుండా తానే లెక్క చూసుకునేవారు. పెద్దయిన పిదప బట్టలు ఉతికి సంపాదించిన డబ్బు కూడబెట్టి, ఒక్లహామాలోని లాంగ్‌స్టన్‌లో నల్లజాతి వారి కోసం నెలకొల్పిన ఉన్నత విద్యాసంస్థలో చేరారు. ఒక్క విడత చదువు పూర్తయ్యేసరికే ఆ డబ్బు అయిపోయింది. తిరిగి ఇంటికి, తిరిగి బట్టల ఉతుకుకు రాక తప్పలేదు.

ఇరవై మూడేళ్ల వయసులో, 1915 ప్రాంతంలో, ఆమె అన్నలున్న చికాగో నగరం చేరారు. అక్కడ ఒక క్షౌరశాలలో పురుషుల గోళ్లు తీర్చిదిద్దే పని దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఫ్రాన్సు నుండి తిరిగివచ్చిన అన్న జాన్, అక్కడి ఆడవారు విమానాలు సైతం నడుపుతారని, ఇక్కడి వారికి అది చేతకాదని ఎగతాళి చేసేవాడు. ఆ ఎగతాళే ఆమెకు సంకల్పమైంది.

చికాగోలోను, ఇతర చోట్లను ఆమె అడిగిన విమాన శిక్షణ బడులన్నీ కాదన్నాయి. నల్లజాతి మనిషి, అందులోను స్త్రీ. ఈ రెండు కారణాలలో ఏ ఒక్కటైనా ఆనాడు తిరస్కారానికి చాలు. దారి చూపినవారు చికాగో డిఫెండర్ పత్రికాధిపతి రాబర్ట్ ఆబట్. జాతి విషయంలోను, స్త్రీల విషయంలోను ఫ్రాన్సు దేశం మరింత ఉదారమైనదని, ముందుగా ఆ దేశభాష నేర్చుకుని అక్కడికే వెళ్లమని ఆయన సలహా చెప్పారు.

బెస్సీ ఆ మాటను అక్షరాలా పాటించారు. పగలు పని, మిగిలిన వేళలో భాషా పాఠశాలలో ఫ్రెంచి. దరఖాస్తు ఆ భాషలోనే వ్రాయాలి, పాఠం ఆ భాషలోనే వినాలి, యంత్ర భాగాల పేర్లు ఆ భాషలోనే పలకాలి. గాలిలో ఉన్నప్పుడు గురువు సూచన ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైనా ప్రమాదమే. మరింత జీతం కోసం ఆమె ఒక చిన్న భోజనశాల నిర్వహణ చేపట్టారు. ఆబట్, బ్యాంకు యజమాని జెస్సీ బింగా ఆర్థికంగా తోడ్పడ్డారు. 1920 నవంబరు 20న ఆమె ఓడలో ఫ్రాన్సుకు బయలుదేరారు.

ఫ్రాన్సులోనూ తలుపులు ఊరకే తెరుచుకోలేదు. మొదట అడిగిన బడి, లోగడ శిక్షణలో స్త్రీలు మరణించినందున ఇక స్త్రీలను చేర్చుకోబోమన్నది. ఆమె నిరాశపడక, సోమ్ నది సముద్రంలో కలిసే చోటనున్న లె క్రొత్వా పట్టణంలోని బడిలో చేరారు. విమానాల తయారీలో పేరుపొందిన కోడ్రాన్ సోదరులు స్థాపించిన బడి అది. విమానాలు తయారుచేసే వారే నడపడమూ నేర్పే చోటు కావడం ఆమె అదృష్టం.

ఆమె నేర్చుకున్నది న్యూపోర్ 82 అనే రెండంతస్తుల రెక్కల విమానం. కర్ర చట్రం, తీగలు, పైన గుడ్డ, ఇదే దాని నిర్మాణం. విమానం ఎక్కే ముందు ప్రతిసారీ రెక్కలను, తీగలను, ఇంజనును శిష్యులే తడిమి చూసుకోవలసి వచ్చేది. గురువుకొక చోదన దండం, శిష్యురాలికొకటి ఉండేవి. కాళ్ల క్రింద చుక్కానిని తిప్పే అడ్డకర్ర కూడా ఇద్దరికీ ఉండేది. ఇంజను హోరులో మాట వినబడదు. గురువు దండాన్ని కదిలిస్తే శిష్యురాలి చేతిలోని దండం అలాగే కదులుతుంది. ఆ కదలికను చేతితోనే గ్రహించి, ఆపై తానుగా చేయగలగాలి. సహపాఠి ఒకరు ప్రమాదంలో మరణించడం కళ్లారా చూసి కూడా ఆమె వెనుదిరగలేదు. రోజూ బడికి కాలినడకనే వెళ్లి, పది నెలల పాఠక్రమాన్ని ఏడు నెలలలో ముగించారు.

1921 జూన్ 15న అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఆమెకు లైసెన్సు ఇచ్చింది. నల్లజాతి అమెరికన్ మహిళలలోను, ఆదివాసీ మూలాలున్న అమెరికన్ మహిళలలోను అది పొందిన ప్రథమురాలు ఆమె.

లైసెన్సు చేతికి రాగానే నేర్చుకోవడం పూర్తయిందని ఆమె భావించలేదు. యుద్ధంలో ఆరితేరిన ఒక ఫ్రెంచి చోదకుని వద్ద పారిస్ సమీపంలో మరి రెండు నెలలు మెలకువలు నేర్చుకుని, సెప్టెంబరులో స్వదేశం చేరారు. పత్రికలు ఆమెను గురించి వ్రాశాయి. అయితే సరకుల, ప్రయాణికుల విమానాలు ఇంకా విరివిగా లేని ఆ రోజులలో, చోదకులకు జీవనోపాధి ఆకాశ విన్యాసాల ప్రదర్శనలే. అందుకు ఇంకా ఉన్నతమైన శిక్షణ కావాలి. అమెరికాలో నేర్పేవారు అప్పుడూ దొరకలేదు. 1922 ఫిబ్రవరిలో ఆమె మళ్లీ ఐరోపాకు వెళ్లి, ఫ్రాన్సులో పై శిక్షణ పొంది, నెదర్లాండ్స్‌లో విమాన నిర్మాత ఆంథోని ఫోకర్‌ను కలిసి, జర్మనీలో ఆ సంస్థ చోదకుని వద్ద మరికొంత నేర్చుకుని వచ్చారు.

1922 సెప్టెంబరు 3న న్యూయార్కు సమీపంలోని కర్టిస్ మైదానంలో ఆమె తొలి ప్రదర్శన జరిగింది. తరువాత చికాగో, ఇంకా ఎన్నో నగరాలు. 1923లో లాస్ ఏంజెల్స్ ప్రాంతంలో ఇంజను ఆగి విమానం కూలగా ఆమె కాలు, ప్రక్కటెముకలు విరిగాయి. కోలుకుని మళ్లీ ఆకాశమెక్కారు. తెల్లవారికి, నల్లవారికి వేర్వేరు ప్రవేశద్వారాలు పెడితే ప్రదర్శన ఇవ్వనని తాను పెరిగిన వాక్సహాచీలో పట్టుబట్టి, అందరినీ ఒకే ద్వారం గుండా రప్పించారు. చినిగిన బట్టలతో కనిపించమన్న సినిమా అవకాశాన్ని వదులుకున్నారు. తన జాతి వారికి విమాన విద్య నేర్పే బడి పెట్టాలన్నదే ఆమె ధ్యేయం. దానికోసం ఉపన్యాసాలిచ్చారు, ఫ్లోరిడాలో సౌందర్యశాల కూడా నడిపారు.

గొప్ప గురువులు దొరికిన ఆమెకు మంచి విమానం కొనే స్తోమత మాత్రం కలగలేదు. సైన్యం వాడి వదిలిన పాత జెన్నీ విమానమే ఆమెకు అందుబాటులోనిది. దానిని డల్లాస్ నుండి ఫ్లోరిడాకు తీసుకువస్తూ మెకానిక్ విలియం విల్స్ దారిలో మూడుసార్లు దించవలసి వచ్చింది. 1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో, మరునాటి ప్రదర్శన కోసం మైదానాన్ని పైనుండి చూడాలని ఆమె ఎక్కారు. విల్స్ నడుపుతున్నాడు. పారాచూట్‌తో దూకవలసిన చోటును వంగి చూడడానికి ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదు. విమానం హఠాత్తుగా క్రిందికి దూకి సుడి తిరగడంతో ఆమె బయటికి విసిరివేయబడి మరణించారు. విమానం నేలకూలి విల్స్ కూడా చనిపోయాడు. నియంత్రణ యంత్రాంగంలో ఒక పానా ఇరుక్కుపోయి కనిపించింది. ఆమె వయసు అప్పటికి 34 ఏళ్లు.

బడి కల తీరకుండానే ఆమె వెళ్లిపోయారు. చికాగోలో జరిగిన అంత్యక్రియలకు వేలాదిగా జనం తరలివచ్చారు. 1929లో విలియం పావెల్ లాస్ ఏంజెల్స్‌లో ఆమె పేరిట విమాన సంఘం స్థాపించి, నల్లజాతి యువతకు శిక్షణ ప్రారంభించారు. 1931 నుండి చికాగో నల్లజాతి చోదకులు ఆమె సమాధిపై విమానాలు నడిపి పూలు వేయడం ఆనవాయితీ చేసుకున్నారు. 1992లో రోదసికి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్, వెంట బెస్సీ చిత్రపటాన్ని తీసుకువెళ్లారు.

ఇంట ఒక భాష, బడిలో మరొక భాషతో పెరిగే మన పిల్లలు రెండవ భాషను భారంగా తలచడం కద్దు. పత్తి చేలలో పెరిగిన బెస్సీకి ఆ రెండవ భాషే, ఊరి బడి ఇవ్వలేని విద్యకు త్రోవ అయింది. మంచి గురువు దగ్గరలో లేకుంటే దూరమైనా వెళ్లాలని, లైసెన్సు వచ్చాక కూడా నేర్చుకుంటూనే ఉండాలని ఆమె జీవితం చెబుతున్నది. ఎంత నేర్చినా ఎక్కే యంత్రాన్ని ముందుగా పరిశీలించక తప్పదని ఆమె మరణం చెబుతున్నది.