ఒక్క వత్తితో 17 తుపాకులు

అక్బర్ చక్రవర్తి ఆయుధశాలలో ఒక వింత ఆయుధం ఉండేదట. 17 తుపాకులను జతచేసి, ఒకే వత్తితో అన్నీ ఒక్కసారిగా పేలేలా అమర్చారు. 16 తుపాకీ గొట్టాలను కొద్దిసేపట్లో శుభ్రం చేసే, పశువు తిప్పే చక్రం కూడా ఉండేది. ఆయినె అక్బరీలో అబుల్ ఫజల్ ఈ ఘనతలన్నీ చక్రవర్తికే కట్టబెట్టాడు. దర్బారు చరిత్రకారులకు అది అలవాటే. కానీ అదే కాలంలో రాసిన తబఖాతె అక్బరీ ఒక చక్రాన్ని, 12 తుపాకులను మీర్ ఫతహుల్లా షీరాజీ పేరిట చెబుతుంది. ఆ చక్రం తుపాకులను పేల్చేదా, శుభ్రం చేసేదా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఏదైనా ఆ చేయి మీర్ సాహెబ్‌దేనని మా నమ్మకం.

ఆయన ఇరాన్‌లోని షీరాజ్ వాస్తవ్యులు. మీర్ గియాసుద్దీన్ మన్సూర్ వంటి మహా పండితుల వద్ద తర్కం, తత్వం, గణితం, ఖగోళం నేర్చారు. బీజాపూర్ సుల్తాన్ అలీ ఆదిల్ షా ఆహ్వానంపై దక్కన్‌కు వచ్చారు. అంటే ఆయన హిందూస్తాన్ జీవితం మన దక్కన్‌లోనే మొదలైంది! 1580లో సుల్తాన్ హతుడయ్యాక అక్బర్ పిలుపు వచ్చింది. 1583లో ఫతేహ్‌పూర్ సిక్రీ చేరారు.

మరుసటి ఏడాదే కొత్త ఇలాహీ సంవత్సరానికి లెక్కలు కట్టారు. 1585లో అమీనుల్ ముల్క్ బిరుదు దక్కింది. ఖజానా వ్యవహారాలను రాజా తోడర్‌మల్ ఆయనను సంప్రదించి నడపాలని, ఏళ్ళ తరబడి తేలకుండా ఉన్న లెక్కలను మీర్ సాహెబ్ తేల్చాలని ఆజ్ఞ అయింది. బండి మీద కదులుతూ పిండి విసిరే తిరగలినీ, వింత ఆకారాలు చూపే అద్దాన్నీ ఆయనే చేశారు.

ఇంత పెద్ద ఉద్యోగి అమీర్ల ఇళ్ళకు వెళ్ళి ఏడెనిమిదేళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దించేవారు. చక్రవర్తి వేటకు వెళితే భుజాన తుపాకీ, నడుముకు మందు సంచీతో వెంట పరుగెత్తేవారు. పండితునికి ఇది తగునా అని ముల్లా బదాయూనీకి కోపం. అయితే నమాజు చేయడానికి ఇతరులు జంకే దర్బారు హాలులోనే ఆయన తన షియా పద్ధతిలో నిశ్చింతగా నమాజు చేసేవారని కూడా బదాయూనీయే రాశాడు. బయట ఎంతో మర్యాదస్థుడైన ఆయన పాఠం చెప్పేటప్పుడు మాత్రం శిష్యులను తిట్టిపోసేవారట! దేవుడు మన్నించుగాక, ఉపాధ్యాయులమైన మాకూ ఆ జబ్బు కొంత ఉంది.

ఆ తిట్లు భరించి నిలిచినవారు కొద్దిమందే. వారిలో ఒకరు లాహోర్‌కు చెందిన ముల్లా అబ్దుస్సలాం. ఆయన శిష్యుల వరుసలోనే కొన్ని తరాల తర్వాత లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ వచ్చారు. మదరసాల్లో నేటికీ చెప్పే దర్సె నిజామీ ఆయన పేరు మీదే వెలసింది. మీర్ సాహెబ్ ఇరాన్ నుండి తెచ్చి పరిచయం చేసిన తర్కశాస్త్ర గ్రంథాలకు అందులో పెద్దపీట దక్కింది. మేము మదరసాలో మంతిఖ్ పాఠాలతో కుస్తీపట్టిన రోజుల్లో ఆ గ్రంథాల వెనుక ఒక తుపాకుల ఉస్తాద్ ఉన్నారని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పాఠాలు ఇంకొంచెం ఇష్టంగా చదివేవాళ్ళం.

1589లో చక్రవర్తితో కాశ్మీర్ వెళ్ళినప్పుడు ఆయనకు తీవ్రమైన జ్వరం వచ్చింది. తానూ హకీమే కనుక, హకీం అలీ ఎంత వారించినా వినకుండా హరీసా తిని వైద్యం చేసుకున్నారు. హరీసా అంటే మన హైదరాబాదు హలీముకు అన్నలాంటిది. జ్వరం తగ్గలేదు, ప్రాణం పోయింది. ఆయన ఫిరంగీల చేతికి చిక్కి, విడుదలకు తన ఖజానా అంతా అడిగినా అది చౌక బేరమే అయ్యేదని అక్బర్ విలపించాడు. కవి ఫైజీ స్మృతి గీతం రాశాడు. శ్రీనగర్ దగ్గరి తఖ్తె సులేమాన్ కొండపై ఆయనను ఖననం చేశారు.